స్టార్టు కాని పవర్ స్ప్రేయరు: దోషాన్ని గుర్తించే క్రమం



మిరప తోటకు గాని, పత్తి చేనుకు గాని పురుగు సోకినప్పుడు మందు చల్లడానికి చిక్కే అదను బహు స్వల్పం. వర్షం వెలిసి, గాలి తగ్గి, పొలం నడకకు అనువైన ఆ ఒకటి రెండు రోజులలోనే అప్పు చేసి కొన్న పవర్ స్ప్రేయరు స్టార్టు కాక మొరాయిస్తే, నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. అదను తప్పుతుంది. అద్దె యంత్రానికి సొమ్ము చెల్లించవలసి వస్తుంది. యంత్రం మూలనపడినంత మాత్రాన బ్యాంకు వాయిదా ఆగదు.

ఇటువంటి సందర్భాలలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. దోషం ఎక్కడున్నదో తెలుసుకోకుండానే మొదట ప్లగ్గు, తరువాత కార్బురేటరు, ఆపైన కాయిల్ వరుసగా మార్పించివేస్తారు. చివరకు ట్యాంకులోని నిల్వ పెట్రోలే దీనికంతటికీ కారణమని తేలుతుంది. కనుక ముందు పరీక్ష, తరువాతనే కొనుగోలు అన్నది ఈ పాఠంలోని ముఖ్యాంశం.

ఇంజనుకు కావలసినవి మూడు

భుజాన తగిలించుకొనే పవర్ స్ప్రేయర్లలో ఎక్కువ భాగం చిన్న టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజనుతో నడుస్తాయి. వీటికి బ్యాటరీ ఉండదు. తిరిగే చక్రంలోని అయస్కాంతమే కాయిల్‌లో విద్యుత్తు పుట్టిస్తుంది. ఆయిల్‌కు వేరే గది ఉండదు. పెట్రోలులో కలిపి పోసిన ఆయిలే లోపలి భాగాలను తడుపుతుంది. ఇటువంటి ఇంజను స్టార్టు కావడానికి మూడు విషయాలు సమకూడాలి. అవి: సరైన పాళ్ళలో పెట్రోలు, గాలి, సరైన సమయంలో ప్లగ్గు వద్ద నిప్పురవ్వ, సిలిండరులో తగినంత ఒత్తిడి, అనగా కంప్రెషన్. ఈ మూడింటిలో ఏది లోపించినదో కనుగొనడమే మన పని.

విప్పడానికి ముందు

యంత్రాన్ని నీడలో, పొయ్యికి, బీడీ సిగరెట్లకు దూరంగా ఉంచండి. మందు ట్యాంకును ఖాళీ చేసి కడగండి. చేతులకు మందు అంటకుండా జాగ్రత్త వహించండి. తరువాత ఈ క్రింది వాటిని చూడండి.

స్విచ్చి ఆన్ స్థానంలో ఉన్నదా? పెట్రోలు కుళాయి తెరచి ఉన్నదా? చల్లని ఇంజనుకు చోక్ వేశారా? గాలి ఫిల్టరు దుమ్ముతో గాని, నూనెతో గాని పూడుకుపోలేదు కదా? ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం కూడా చూడండి. ఆ రంధ్రం మూసుకుపోతే లోపలికి గాలి చొరబడక పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఇంజను కొద్ది నిమిషాలు నడిచి ఆగిపోవడం దీనికి గుర్తు. మూత వదులు చేసిన వెంటనే నడిస్తే దోషం దొరికినట్లే.

పెట్రోలు పరీక్ష

గత పంట కాలంలో మిగిలిన పెట్రోలును నమ్మవద్దు. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. నీరు ఎక్కువైనప్పుడు ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగుతాయి. పెట్రోలు, ఆయిల్ పైన నిలుస్తాయి. ట్యాంకు అడుగు నుండి ఇంజనుకు ముందుగా చేరేది ఆ ఆయిల్ లేని పొరే. దానితో ఇంజను స్టార్టు కాదు. ఒకవేళ అయినా ఆయిల్ అందక పిస్టన్ పట్టివేసే ప్రమాదం ఉన్నది.

ట్యాంకులోని పెట్రోలును కొంచెం గాజు సీసాలోకి తీసి, అరగంట కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడిపోయినా, అడుగున నీటి బొట్లు కనిపించినా, పుల్లని లేదా వార్నిష్ వంటి వాసన వచ్చినా అంతా ఖాళీ చేయండి. ట్యాంకు లోపలి ఫిల్టరును శుభ్రపరచి, తాజా పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి పోయండి. లీటరు పెట్రోలుకు 50:1 నిష్పత్తి అయితే 20 మిల్లీలీటర్లు, 40:1 అయితే 25, 25:1 అయితే 40 మిల్లీలీటర్ల ఆయిల్ అవసరం. మీ యంత్రానికి ఏ నిష్పత్తి వర్తిస్తుందో దానితో ఇచ్చిన పుస్తకంలో చూసి, కొలత గ్లాసుతోనే కొలవండి. కొత్త మోటారు సైకిళ్ళలో వాడే ఫోర్ స్ట్రోక్ ఆయిల్ దీనికి పనికిరాదు.

ప్లగ్గు చెప్పే సాక్ష్యం

నాలుగైదు సార్లు తాడు లాగిన తరువాత ప్లగ్గు విప్పి దాని కొనను పరిశీలించండి.

కొన పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరుకు చేరడం లేదని అర్థం. ఫిల్టరు, గొట్టం, కార్బురేటరు వైపు దోషం వెదకాలి.

కొన పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు వస్తున్నది గాని మండటం లేదని అర్థం. నిప్పురవ్వ లేకపోవచ్చు, లేదా చోక్ వేసి పలుమార్లు లాగినందున పెట్రోలు ఎక్కువై ఉండవచ్చు. అప్పుడు కుళాయి మూసి, చోక్ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తెరచి, ప్లగ్గు లేకుండానే పది సార్లు తాడు లాగండి. సిలిండరులో నిలిచిన పెట్రోలు బయటకు పోతుంది. ప్లగ్గును తుడిచి, ఆరబెట్టి, తిరిగి బిగించి ప్రయత్నించండి.

కొన నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువ కలిపి ఉండవచ్చు, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. మసి తొలగించి, రెండు కొనల మధ్య ఎడం సరిచూడండి. సాధారణంగా ఇది 0.6 నుండి 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది.

నిప్పురవ్వ పరీక్ష

పెట్రోలు ఎక్కువై ఉంటే పైన చెప్పినట్లు ముందుగా దానిని బయటకు పంపి, చిందినది తుడిచి, ఆవిరి పోయే వరకు ఆగండి. పిదప ప్లగ్గును దాని టోపీలో పెట్టి, ప్లగ్గు లోహ భాగం ఇంజను లోహానికి ఆనేలా, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉంచండి. రంధ్రంపై గుడ్డ కప్పండి. వట్టి చేతితో ప్లగ్గును పట్టుకోరాదు. వేరొకరిని తాడు వేగంగా లాగమనండి. నీడలో చూస్తే నీలిరంగు రవ్వ స్పష్టంగా కనిపించాలి.

రవ్వ రాకపోతే మంచిదని తెలిసిన మరొక ప్లగ్గుతో చూడండి. అప్పటికీ రాకపోతే స్విచ్చికి పోయే తీగను కాయిల్ వద్ద విడదీసి పరీక్షించండి. ఇప్పుడు రవ్వ వస్తే దోషం స్విచ్చిలో గాని, ఒరిసి ఇంజనుకు తగులుతున్న తీగలో గాని ఉన్నది, కాయిల్ మంచిదే. తీగ విడదీసిన యంత్రం స్విచ్చితో ఆగదు కనుక దానిని అలా పనికి వాడరాదు. తీగ విడదీసినా రవ్వ లేనప్పుడే కాయిల్‌ను అనుమానించాలి.

చుక్కల పరీక్ష

రవ్వ ఉన్నది, ప్లగ్గు మాత్రం పొడిగా ఉన్నది అనుకుందాం. ఆయిల్ కలిపిన పెట్రోలు ఐదారు చుక్కలు ప్లగ్గు రంధ్రంలో వేసి, ప్లగ్గు బిగించి, చిందినది తుడిచి తాడు లాగండి. ఇంజను రెండు మూడు క్షణాలు పలికి ఆగిపోతే రవ్వ, కంప్రెషన్ సరిగా ఉన్నట్లే. లోపం పెట్రోలు దారిలోనిదే. కార్బురేటరును శుభ్రపరచి, గట్టిపడిన పొరను, గాస్కెట్లను మార్చితే తరచు సరిపోతుంది. కార్బురేటరు మొత్తం కొనే ముందు ఈ మరమ్మతు చేయించండి.

కంప్రెషన్, సైలెన్సరు

తాడును మెల్లగా లాగినప్పుడు ఒక చోట చేతికి గట్టిగా తగలాలి. ఎక్కడా ఆటంకం లేకుండా వదులుగా వస్తే ముందు ప్లగ్గు బిగుతు చూడండి. తరువాత సైలెన్సరు విప్పి, పొగ వెళ్ళే రంధ్రం గుండా పిస్టన్‌ను చూడండి. నునుపుగా ఉంటే మంచిదే. నిలువు గీతలు పడి ఉంటే అది పట్టివేసిన పిస్టన్. పెట్రోలులో ఆయిల్ తక్కువ కావడం దీనికి సాధారణ కారణం. ఈ పని మెకానిక్కుకు అప్పగించాలి.

ఆ రంధ్రం మసితో పూడుకుపోయినా ఇంజను స్టార్టు కాదు. పిస్టన్ ఆ రంధ్రాన్ని మూసేలా నిలిపి, చెక్క పుల్లతో మసిని గీకి, పొడి లోపల పడకుండా తుడవండి. ఇనుప మేకు వాడరాదు.

మూడూ సరిగా ఉండి కూడా ఇంజను స్టార్టు కాక, తాడు ఎదురు తన్నుతూ ఉంటే అయస్కాంత చక్రం తాళం తెగి రవ్వ సమయం తప్పి ఉండవచ్చు. ఆయిల్ సీళ్ళ గుండా గాలి చొరబడటం మరొక కారణం. ఈ రెండూ పనిముట్లున్న మెకానిక్కు చేయవలసిన పనులు.

డీలర్లకు ఒక మాట

యంత్రాన్ని అప్పగించే రోజున ఆయిల్ కలిపే విధానం, ప్లగ్గు విప్పే విధానం రైతు చేతనే చేయించండి. ఇంజను నంబరు బిల్లుపైన, వారంటీ కార్డుపైన ఒకే విధంగా రాయండి. మరమ్మతుకు వచ్చిన యంత్రంపై ఏ పరీక్ష చేశారో, ఏమి తేలినదో రసీదులో పేర్కొనండి. మార్చిన పాత భాగాన్ని రైతుకు తిరిగి ఇవ్వండి. అవసరం లేని కార్బురేటరు అమ్మితే వచ్చే లాభం ఒక్కసారిది. నమ్మకం పోతే ఆ రైతే కాదు, ఆ ఊరు కూడా దూరమవుతుంది.

రుణగ్రహీతలు గమనించవలసినవి

తాళ్ళు లాగిన లెక్క కాక, చేసిన పరీక్షలను తేదీతో సహా నోటు పుస్తకంలో రాసుకోండి. వారంటీ కాలంలో దోషం వస్తే ముద్రలు పగులగొట్టకుండా, డీలరుకు లిఖితపూర్వకంగా తెలిపి రసీదు పొందండి. ఆయిల్ కలపని పెట్రోలు వల్ల చెడిన పిస్టన్‌కు వారంటీ సాధారణంగా వర్తించదు. అందుకే ఆయిల్ కొన్న బిల్లులను దాచడం మంచిది.

తయారీ లోపాన్ని డీలరు సరిచేయకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధికై మాత్రమే వస్తువు కొన్న వ్యక్తిని కూడా ఆ చట్టం వినియోగదారునిగానే పరిగణిస్తుంది. కారణం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాల లోపల ఫిర్యాదు చేయాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. వాయిదా చెల్లించలేని స్థితి కనిపిస్తే గడువు దాటిన తరువాత కాక, ముందుగానే మీ శాఖ అధికారికి తెలియజేయండి.

పంట కాలం ముగియగానే ట్యాంకును ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు అయిపోయి తనంతట తాను ఆగేవరకు ఇంజనును నడిపి, తుడిచి భద్రపరచండి. మరుసటి అదను వేళ ఆ పావుగంట శ్రమ విలువ మీకే తెలుస్తుంది.