డిస్కు పలకనప్పుడు: ఒక పరిశీలన

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్ దాకా అద్దె గదుల్లో, హాస్టళ్లలో వుంటూ చదువుకునే మనబోటి విద్యార్థులకు, ప్రాజెక్టు రిపోర్టు సమర్పించే రోజులు దగ్గరపడితే ఒక భయం పట్టుకుంటుంది. ఏడాది శ్రమంతా ఒక పెన్‌డ్రైవులోనో, అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్కులోనో వుంటుంది. తీరా కంప్యూటరుకు తగిలిస్తే అది పలకదు! చుట్టూ చేరిన మిత్రులు చెప్పే మందు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టెయ్‌రా!" ఆ మందుతో రోగం పోవచ్చుగాని రోగి మిగలడు. అది లినక్సు కంప్యూటరైతే ఇంకో మాట కూడా తోడవుతుంది: "దీనికి డ్రైవరు లేదు." ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలే. లోపం ఎక్కడున్నదో వరుసగా తెలిసికొనే పద్ధతిని నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తాను.

డ్రైవరు అనగా కంప్యూటరుకూ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య దుబాసీగా వుండే ప్రోగ్రాము. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా వున్న లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సులో, యు.ఎస్.బి. డిస్కులకు కావలసిన దుబాసీ కెర్నెల్‌తోపాటే వస్తుంది. విడిగా ఎక్కించనక్కరలేదు. కాబట్టి డ్రైవరు వున్నదా లేదా అన్నది కాదు ప్రశ్న. పని ఎక్కడ ఆగిపోయింది అన్నదే ప్రశ్న.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో నడక మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ అనే వరుస ఇప్పుడు మనకు కంఠతా వచ్చు. డిస్కులోని ఫైలు కూడా ఇలాగే నాలుగు స్టేషన్లు దాటి మన తెరమీదికి వస్తుందనుకోండి. మొదటిది సాకెట్టు, కేబులు, విద్యుత్తు. రెండవది, వచ్చిన పరికరం పేరూ వూరూ అడిగి నమోదు చేసికొనే యు.ఎస్.బి. విభాగం. మూడవది, దాన్ని డిస్కుగా నడిపించే స్టోరేజి డ్రైవరు. నాలుగవది ఫైల్ సిస్టమ్. ఎల్.బి.నగర్‌లో మన చుట్టం దిగలేదంటే ఏ స్టేషను దాకా వచ్చాడో విచారిస్తాం గాని, పట్టాలు పీకెయ్యమనం గదా!

విచారించడానికి కెర్నెల్ రాసే దినచర్య వున్నది. టెర్మినల్ తెరిచి, డి, ఎం, ఇ, ఎస్, జి అనే అయిదు ఇంగ్లీషు అక్షరాల ఆజ్ఞను 'సూడో' అధికారంతో ఇవ్వాలి. అప్పుడే డిస్కు తగిలించి ఆజ్ఞ ఇస్తే, చివరి పంక్తులు దాని సంగతే చెబుతాయి.

కొత్త పంక్తి ఒక్కటీ రాలేదంటే లోపం మొదటి స్టేషనులోనే వున్నది. కేబులు మార్చండి, కొన్ని కేబుళ్లు చార్జింగుకే గాని సమాచారానికి పనికిరావు. సాకెట్టు మార్చండి. యు.ఎస్.బి. 2.0 సాకెట్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 సాకెట్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలని ప్రమాణం. తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్కొక్కప్పుడు ఆ మొదటిది చాలదు.

'డిస్క్రిప్టర్ రీడ్ ఎర్రర్' అంటూ మైనస్ 71, మైనస్ 110 వంటి సంఖ్యలు పదేపదే వస్తే రెండవ స్టేషనులో మాట కుదరలేదన్నమాట. అక్కడా చాలాసార్లు కేబులో, విద్యుత్తో, పరికరమో కారణం. డిస్కు పేరు, దాని భాగాలు కనిపిస్తూ ఫైళ్లు తెరుచుకోకపోతే నాలుగవ స్టేషను చూడాలి. ఎజెక్ట్ చేయకుండా లాగేసిన డిస్కుకు ఇది మామూలు జబ్బు. అప్పుడు చదవడానికి మాత్రమే తెరిచి, ముందు ఫైళ్లు కాపీ చేసికొని, ఆ తర్వాతే మరమ్మతుకు పూనుకోవాలి.

మూడవ స్టేషనులోని చిక్కు నేను స్వయంగా చూసినది. చైతన్యపురిలో వుండే మిత్రుడొకని హార్డ్ డిస్కులో ఫైళ్లన్నీ కనబడేవి. పెద్ద ఫైలు కాపీ చేయబోతే మాత్రం సగంలో కొయ్యబారిపోయేది. దినచర్యలో 'యు.ఎ.ఎస్.' అనే మాటా, 'రీసెట్' అనే మాటా మళ్లీ మళ్లీ వచ్చాయి. లినక్సులో ఈ పనికి ఇద్దరు దుబాసీలున్నారు. పాతవాడు 'యుఎస్‌బి-స్టోరేజ్', ఒక ఆజ్ఞ పూర్తయ్యాకే ఇంకొకటి అందిస్తాడు. కొత్తవాడు 'యు.ఎ.ఎస్.', 2014లో వచ్చిన 3.15 కెర్నెల్ నుండి వాడుకలో వున్నాడు. అనేక ఆజ్ఞలు ఒక్కసారే అందిస్తాడు కనుక వేగం ఎక్కువ. ఐతే కొన్ని డిస్కుపెట్టెల్లోని చిప్పులు ఆ వేగాన్ని ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, నడుమ చేతులెత్తేస్తాయి.

కేబులు మార్చినా గుణం కనబడలేదు. అందుచేత ఆ ఒక్క డిస్కును పాతవాడికి అప్పగించాము. 'ఎల్ఎస్‌యుఎస్‌బి' అనే ఆజ్ఞ ఇస్తే పరికరం పక్కన నాలుగేసి అక్షరాల సంఖ్యలు రెండు కనిపిస్తాయి. ఒకటి తయారీదారుది, రెండవది పరికరానిది. మోడ్‌ప్రోబ్ అమరికలలో యుఎస్‌బి-స్టోరేజ్‌కు 'క్విర్క్స్' అనే ఐచ్ఛికం కింద ఆ రెండు సంఖ్యలూ రాసి, చివర ఇంగ్లీషు చిన్న 'యు' అక్షరం చేర్చి, మూడింటి మధ్యా కోలన్లు పెట్టాలి. కెర్నెల్ ఆరంభంలో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను తిరిగి తయారుచేసి, కంప్యూటరు మళ్లీ తెరిచాము. వేగం కొంత తగ్గింది. కాపీ మాత్రం ఆగలేదు. రిపోర్టు గడువులోపలే బైండింగుకు వెళ్లింది.

ఒక హెచ్చరిక. డిస్కులోంచి టకటక శబ్దం వస్తున్నా, చదవడంలోనే పొరపాట్లు చూపిస్తున్నా ఈ ప్రయోగాలేవీ వద్దు. అది డ్రైవరు జబ్బు కాదు. విలువైన సమాచారమైతే నిపుణుని వద్దకు తీసుకుపోవడమే మేలు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. మొండికేసే పరికరాల పట్టిక లినక్సు కెర్నెల్ మూలప్రతిలోనే వున్నది, ఎవరైనా చదవవచ్చు. ఎక్కడో ఎవరికో కలిగిన ఇబ్బందిని వారు ఓపికగా రాసి పంపినందువల్ల అందులో ఒక పంక్తి చేరింది. ఆ తర్వాత అదే పరికరం కొన్నవారికి ఆ ఇబ్బంది లేకుండా పోయింది. మన హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో వాడుకోదగిన ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసినదీ ఇటువంటి సమష్టి కృషితోనే.

కనుక నాదొక విన్నపం. మన కంప్యూటరు ప్రయోగశాలలో ఒక నోటు పుస్తకం పెడదాం. మొండికేసిన పరికరం సంఖ్యలు, కెర్నెల్ ఎన్నవదో, దినచర్యలో వచ్చిన పంక్తులు, ఏం చేస్తే కుదిరిందో, అన్నీ అందులో రాద్దాం. వచ్చే ఏడు వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అది పనికొస్తుంది. ఈలోగా ప్రాజెక్టు రిపోర్టును మాత్రం రెండుచోట్ల దాచుకోండి.