పసరు తాగించే ముందు

కృష్ణా డెల్టాలో మందు మొక్కల కోసం దూరం వెళ్ళనక్కర లేదు. పొలం గట్టున గుంటగలగర, కాలువ ఒడ్డున పొన్నగంటి, కంచె మీద తిప్పతీగ, ఇసుక నేలలో బిళ్ళగన్నేరు కనిపిస్తూనే ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా కామెర్లు వచ్చినా, షుగరు పెరిగినా పెద్దవాళ్ళకు ముందు ఏదో ఒక ఆకు గుర్తుకొస్తుంది. మొక్కలలో మందు గుణం ఉన్నమాట నిజమే. అయితే శరీరంలో మార్పు తేగల పదార్థం ఏదైనా, మోతాదు మించితే హాని కూడా చేయగలదు. అందుకే "ఆకేగా, పనిచేయకపోయినా నష్టం లేదు" అనుకోకూడదు.

మోతాదు తెలియదు

బిళ్ళగన్నేరునే తీసుకోండి. చాలామంది షుగరు వ్యాధికి దీని ఆకులు నమిలి మింగుతారు. క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులను తీసేది ఈ మొక్క నుంచే. ఆసుపత్రిలో ఆ మందులను మిల్లీగ్రాముల లెక్కన, రక్త పరీక్షలు చేస్తూ ఇస్తారు. ఇంట్లో గుప్పెడు ఆకు నూరితే అందులో ఏ పదార్థం ఎంత ఉన్నదో ఎవరూ చెప్పలేరు. నేలను బట్టి, మొక్క వయసును బట్టి అది మారుతుంది. పైగా షుగరు బిళ్ళలు కూడా వేసుకుంటుంటే రక్తంలో చక్కెర మరీ పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చు.

పేరు ఒకటే, మొక్క వేరు

గన్నేరు అనే పేరు బిళ్ళగన్నేరుకు ఉంది, పూజకు పూలు కోసే ఎర్రగన్నేరుకు ఉంది, పచ్చగన్నేరుకు కూడా ఉంది. చివరి రెండింటిలో గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసే విషం ఉంటుంది. పచ్చగన్నేరు పప్పు ప్రాణం తీయగలదు. ఎవరో ఫోనులో "గన్నేరు ఆకు" అని చెబితే మన ఇంట్లో ఏ ఆకు కోస్తామో ఆలోచించండి.

తిప్పతీగ విషయమూ ఇలాంటిదే. కోవిడ్ రోజులలో దీని కషాయం చాలామంది తాగారు. అలా తాగిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబై వైద్యులు 2021లో ప్రకటించారు. అసలు తిప్పతీగ సురక్షితమేననీ, దానిని పోలిన వేరొక తీగ వల్ల హాని జరిగి ఉండవచ్చనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ అన్నది. ఈ వాదన ఎలా ఉన్నా, కంచె మీద తీగను చూసి అది ఏదో తేల్చడం సామాన్యులకు కష్టమే.

ఉమ్మెత్త సంగతి మన రాష్ట్రంలోనే జరిగింది. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో, ఉమ్మెత్త గింజల రసం తాగితే కరోనా రాదన్న వీడియో చూసి రెండు కుటుంబాలవారు తాగారు. పిల్లలతో సహా ఆసుపత్రి పాలయ్యారు. చికిత్స అందబట్టి బతికారు. ఆయుర్వేద మందులకు సంబంధించిన ప్రభుత్వ నియమావళి కూడా ఉమ్మెత్తను, గురివిందను విష పదార్థాల జాబితాలోనే ఉంచింది.

కోసిన చోటు

మొక్క సరైనదే అయినా, అది పెరిగిన చోటు చూడాలి. వరి గట్ల మీద పురుగుమందు పడుతుంది. కాలువల్లో మురుగు కలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మురికి నీరు ఎంతవరకు వచ్చిందో విజయవాడవాసులకు తెలుసు. కడిగితే మట్టి పోతుంది గాని, ఆకులోకి ఎక్కిన సీసం వంటి లోహాలు పోవు.

కాలం గడిచిపోతుంది

కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. కాని కామెర్లన్నీ ఒకటి కావు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, గడ్డ ఉన్నా కళ్ళు పచ్చబడతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పనిచేసే వరి రైతుకు లెప్టోస్పైరోసిస్ సోకి, జ్వరంతో పాటు కామెర్లు రావచ్చు. దీనికి యాంటీబయాటిక్ మందులున్నాయి. వాటిని ఆలస్యం లేకుండా వాడాలి. పాము కాటుకైతే పసరుతో గడిపే ప్రతి నిమిషమూ నష్టమే. విషానికి విరుగుడు ఇంజెక్షను ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఇంట్లోవారు చేయవలసినవి

1. మూలికా వైద్యం కావాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యులను అడగండి. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉన్నది.

2. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పసిపిల్లలకు, కాలేయ లేదా కిడ్నీ జబ్బున్నవారికి సొంతంగా పసరు ఇవ్వకండి.

3. కంట్లో పసరు పోయకండి. నల్లగుడ్డు మీద పుండు పడి చూపు పోవచ్చు.

4. పసరు తాగాక వాంతులు, మగత, పిచ్చిమాటలు, కంటిపాప పెద్దదవడం, గుండె దడ, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. బలవంతంగా వాంతి చేయించకండి.

5. వాడిన ఆకు, వేరు, కాయ ఏదైనా మిగిలితే సంచిలో వేసి ఆసుపత్రికి తీసుకురండి. డాక్టరుకు అదే పెద్ద ఆధారం.

అన్నిటికంటే ముఖ్యమైనది, దాచకండి. డాక్టరు గారు కోప్పడతారని పసరు మాట చెప్పనివారు చాలామంది. ఏమి తాగించారో తెలియకపోతే, కాలేయం ఎందుకు చెడిందో వెతకడానికే రోజులు పడతాయి. ఆపరేషనుకు ముందు, రక్తం పలచబడే మందులు వాడేటప్పుడు ఈ సంగతి తెలియకపోతే మరీ ప్రమాదం. ఏ ఆకు, ఎన్ని రోజులు, ఎంత తాగించారు అనే మూడు విషయాలు కాగితం మీద రాసి ఇవ్వండి. మీ మనిషికి సరైన చికిత్స త్వరగా మొదలవడానికి అది సాయపడుతుంది.