దెబ్బతిన్న మణికట్టు, మిగిలిన ఆట



ఒక్క దెబ్బతో బ్రతుకు దారి మారిపోయినవారు మన మధ్య ఎందరో ఉన్నారు. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసే హమాలీకి నడుము పట్టేస్తుంది. కుట్టుమిషను మీద పిల్లలను పెంచే తల్లికి చేయి విరుగుతుంది. ఏ అవయవం అన్నం పెడుతుందో, ఆ అవయవమే మొరాయిస్తుంది. అప్పుడు మనిషి ఏం చేయాలి? ఇంటివారు ఏం చేయాలి? ఈ వారం పాఠానికి మన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా జీవితాన్ని తీసుకుందాం.

1. వరం

సానియా 1986 నవంబరు 15న ముంబయిలో పుట్టి హైదరాబాదులో పెరిగింది. ఆరవ ఏట రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా దగ్గరుండి ఆట నేర్పించాడు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో మన నగరంలోనే జరిగిన హైదరాబాద్ ఓపెన్‌లో సింగిల్స్ టైటిల్ సాధించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. అదే సంవత్సరం యు.ఎస్. ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు అందుకున్నది. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి నిండలేదు. ఆమె బలమంతా కుడిచేతి ఫోర్‌హ్యాండ్ దెబ్బలో ఉండేది.

2. దెబ్బ

ఆ బలం నిలిచిన చోటనే దెబ్బ తగిలింది. మోకాలికి ఒకసారి శస్త్రచికిత్స జరిగిన తరువాత కుడి మణికట్టు నొప్పి మొదలైంది. 2008లో దానికీ శస్త్రచికిత్స చేశారు. ఆ ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ మొదటి రౌండులోనే నొప్పి తాళలేక ఆట మధ్యలో విరమించుకున్నది. తల దువ్వుకోవడం కూడా కష్టమైన రోజులవి అని తరువాత ఆమే చెప్పింది. కొన్ని నెలల పాటు మనసు కుంగిపోయి గదిలోనే ఉండిపోయిన సంగతీ దాచుకోలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. దెబ్బ తిన్నవారితో మనం వెంటనే "ధైర్యంగా ఉండు, అంతా మంచికే" అంటాం. మాట మంచిదే కాని తొందరపాటుది. ఇరవై ఏళ్ళు కట్టుకున్న ఇల్లు కూలినప్పుడు ఏడ్వడానికి కొంత సమయం కావాలి. ఏడ్పు బలహీనత కాదు. పోయినదాని విలువ తెలిసినవారే ఏడుస్తారు. అయితే నెలలు గడిచినా గదిలోంచి బయటకు రాలేకపోతే, అది వైద్యుడికి చెప్పవలసిన విషయమే.

3. లెక్క

సానియా తిరిగి ఆడింది, కాని మణికట్టు మునుపటిలా కాలేదు. చివరకు 2013లో సింగిల్స్ నుండి తప్పుకున్నది. ఒక దారి అక్కడితో ముగిసింది. ఆమె టెన్నిస్ మాత్రం ముగియలేదు. డబుల్స్ మిగిలింది.

డబుల్స్ అంటే తేలిక ఆట అనుకోకండి. కాని శరీరం మీద పడే భారం వేరు. సింగిల్స్‌లో 8.23 మీటర్ల వెడల్పును ఒక్కరే కాచుకోవాలి. డబుల్స్‌లో కోర్టు 10.97 మీటర్లు, కాచుకునేది ఇద్దరు. సింగిల్స్‌లో ప్రతి రెండు గేముల్లో ఒకటి మన సర్వీసు. డబుల్స్‌లో నాలుగింటిలో ఒకటే. అలసిన చేతికి అంత ఊరట దొరుకుతుంది. ఫోర్‌హ్యాండ్ అదే, చూపు అదే. పోయినదేమిటో, మిగిలినదేమిటో నిజాయితీగా లెక్క వేసుకున్నవారికే ఇటువంటి దారి కనబడుతుంది.

ఆ లెక్క ఫలించింది. 2015 ఏప్రిల్‌లో ఆమె డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరింది. స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్‌తో కలిసి 2015లో వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఈ జంట వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. మూడు మిక్స్‌డ్ డబుల్స్ టైటిళ్ళతో కలిపి సానియాకు మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు దక్కాయి. 2023 ఫిబ్రవరిలో దుబాయిలో ఆట నుండి విరమించుకున్నది.

ఆ హింగిస్ ఎవరు? ఒకనాడు సింగిల్స్‌లో ప్రపంచ ప్రథమ క్రీడాకారిణి. కాలి గాయాల వల్ల 2003లో, 22 ఏళ్ళకే, మొదటిసారి ఆట విడిచిపెట్టింది. అంటే దెబ్బ రుచి తెలిసిన ఇద్దరు ఒకరి లోటును ఒకరు పూడ్చుకున్నారు. నొప్పి తెలిసినవారి తోడు ఎంత విలువైనదో చూడండి.

4. మనకు పాఠం

ఈ కథ విని "పట్టుదల ఉంటే దేన్నైనా జయించవచ్చు" అని తేల్చేయకండి. పట్టుదల ఆ మణికట్టును మునుపటిలా చేయలేదు. సానియాకు మంచి వైద్యం, అండగా నిలిచిన కుటుంబం, తగిన జోడీ ఉన్నాయి. నడుము పోయిన హమాలీకి ఇవేవీ లేకపోవచ్చు. అతనికి కూర్చుని చేసే పని ఒకటి చూపించడం, చూపించేదాకా ఆ ఇంటి పొయ్యి ఆరకుండా చూడడం ఇరుగుపొరుగు బాధ్యత. డబుల్స్ ఆడాలంటే రెండవ మనిషి కావాలి గదా!

తలిదండ్రులకు మరొక మాట. ఆటల్లో, నాట్యంలో చురుకైన పిల్లలను చూసి మురిసిపోతాం. మంచిదే. కాని ఎదిగే వయసులో ఎముకల చివరి భాగాలు ఇంకా గట్టిపడవు. ఒకే కదలికను రోజూ వందలసార్లు చేయిస్తే దెబ్బతింటాయి. "నొప్పిగా ఉంది" అని బిడ్డ చెబితే బద్ధకమని కసరకండి. నొప్పి శరీరం పంపే కబురు. పోటీ వచ్చే సంవత్సరం కూడా వస్తుంది, మణికట్టు మాత్రం మళ్ళీ రాదు.

ఇంటిలో చర్చించుకోవడానికి

1. మన ఇంటిలో లేక వీధిలో దెబ్బ వల్ల పని మానుకున్నవారు ఎవరు? వారిని చివరిసారి ఎప్పుడు పలకరించాము?
2. వారిలో ఇంకా మిగిలి ఉన్న నేర్పు ఏమిటి? దానికి తగిన పని మనం చూపించగలమా?
3. మన పిల్లలు నొప్పిని మనతో భయం లేకుండా చెప్పుకోగలుగుతున్నారా?

ఈ మూడవ ప్రశ్నకు జవాబు పిల్లలనే చెప్పనివ్వండి.