వ్యాఖ్యాన ప్రదర్శనలు: ప్రణాళిక, రూపకల్పన, నిర్మాణాన్ని అప్పగించే విధానం

నిర్వచనం

మ్యూజియం, పురావస్తు స్థలం, జాతీయ ఉద్యానవనం, సైన్స్ సెంటర్ వంటి చోట్ల వస్తువును చూపడంతో ఆగకుండా దాని అర్థాన్ని సందర్శకునికి చేరవేసేందుకు చేసే ఏర్పాటును వ్యాఖ్యాన ప్రదర్శన అంటారు. రాత ఫలకాలు, నమూనాలు, అద్దాల పెట్టెలు, దృశ్య శ్రవణ పరికరాలు, చేతితో తాకి తెలుసుకొనే ఫలకాలు ఇందులో భాగాలు.

సమాచారం, వ్యాఖ్యానం ఒకటి కావు. ఒక శాసనం కింద ‘ఇక్ష్వాకుల కాలం, క్రీ.శ. 3వ శతాబ్ది, సున్నపురాయి’ అని రాస్తే అది సమాచారం. ఆ వంశపు రాజు శాంతమూలుడు అశ్వమేధం వంటి వైదిక క్రతువులు చేయగా, అదే ఇంటి ఆడపడుచు శాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి దానాలు చేసిందని, ఒకే కప్పు కింద రెండు మతాలు మనగలిగాయని శాసనం పక్కనే చూపితే అది వ్యాఖ్యానం. ఈ తేడా పట్టుబడితే మిగిలిన అంశమంతా తేలికవుతుంది.

నేపథ్యం

భారతదేశంలో మొదటి మ్యూజియం 1814లో కలకత్తాలో ఏర్పడింది. వస్తువును తీసిన చోటే భద్రపరచే స్థల మ్యూజియం పద్ధతికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అధిపతి సర్ జాన్ మార్షల్ కాలంలో పునాది పడింది. సారనాథ్ మ్యూజియం భవనం 1910లో పూర్తయింది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ స్థల మ్యూజియాల్లో ఇదే ప్రాచీనమైనది.

వ్యాఖ్యానం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకున్నది మాత్రం అమెరికాలో. అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ 1916 ఆగస్టు 25న ఏర్పడింది. స్వర్ణోత్సవాన్ని దృష్టిలో పెట్టుకొని 1956 నుంచి 1966 వరకు ‘మిషన్ 66’ పేరుతో పార్కుల్లో సందర్శక కేంద్రాలు విస్తృతంగా నిర్మించారు. ఆ కాలంలోనే, 1957లో, ఫ్రీమన్ టిల్డెన్ ‘ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్’ గ్రంథంలో ఆరు సూత్రాలు ప్రతిపాదించారు. వాటిలో పరీక్షార్థి మరువకూడనివి మూడు: సమాచారం దానంతట అది వ్యాఖ్యానం కాదు; వ్యాఖ్యానపు ప్రధాన లక్ష్యం బోధన కాదు, ఆలోచన రేకెత్తించడం; పిల్లలకు పెద్దల పాఠాన్నే పలుచన చేసి ఇవ్వకూడదు, వేరే పద్ధతి కావాలి.

పార్కుల ప్రదర్శనల ప్రణాళిక, రూపకల్పన, తయారీల కోసం 1970లో వెస్ట్ వర్జీనియాలో హార్పర్స్ ఫెర్రీ సెంటర్ నెలకొంది. అంతర్జాతీయ స్థాయిలో స్మారకాలు, స్థలాల అంతర్జాతీయ మండలి (ఇకోమాస్) 2008 అక్టోబరు 4న కెనడాలోని క్విబెక్‌లో వారసత్వ స్థలాల వ్యాఖ్యాన పత్రాన్ని ఆమోదించింది. ఇందులో ఏడు సూత్రాలున్నాయి: ప్రవేశం–అవగాహన, సమాచార ఆధారాలు, సందర్భం–పరిసరం, ప్రామాణికత, సుస్థిరత, సమ్మిళితత్వం, పరిశోధన–శిక్షణ–మూల్యాంకనం.

భారత్‌లో జాతీయ సైన్స్ మ్యూజియాల మండలి 1978 ఏప్రిల్ 4న ఏర్పడింది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పరిధిలోని ఈ స్వయంప్రతిపత్తి సంస్థ ప్రధాన కార్యాలయం కోల్‌కతా. ప్రదర్శనలను స్వయంగా రూపొందించి సొంత వర్క్‌షాపుల్లో తయారుచేయడం దీని ప్రత్యేకత. ఇందుకు కేంద్ర పరిశోధన, శిక్షణ ప్రయోగశాల 1993లో కోల్‌కతాలోనే ఏర్పాటైంది. మండలి ఇతర సంస్థలకు కూడా ప్రదర్శనలు చేసిపెడుతుంది. తిరుపతిలోని ప్రాంతీయ సైన్స్ సెంటర్ ఈ మండలి పరిధిలోనిదే.

దశలు

పని మూడు ప్రధాన దశల్లో సాగుతుంది: ప్రణాళిక, రూపకల్పన, తయారీ–అమరిక. మొదటి దశకు తక్కువ డబ్బు పడుతుంది, కాని మిగిలిన రెండింటి మంచిచెడ్డలు దానిపైనే ఆధారపడతాయి. పని అప్పగించే కార్యాలయాలు చాలావాటిలో ఈ దశనే దాటేసి నేరుగా ఫలకాల కొలతలతో టెండరు పిలుస్తారు. అక్కడే పని దారి తప్పుతుంది.

ప్రణాళిక దశలో సందర్శకులెవరు, ఎంతసేపు ఉంటారు, ఏం తెలుసుకొని వెళ్లాలి అనే మూడు ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం రావాలి. మొత్తం ప్రదర్శనను ఒకే వాక్యంలో చెప్పే ప్రధాన భావన ఈ దశ ఫలితం. బెవర్లీ సెరెల్ 1996 నాటి తన గ్రంథంలో ఈ భావనకు నియమం చెప్పారు: వాక్యంలో కర్త, క్రియ, పర్యవసానం మూడూ ఉండాలి. ‘నాగార్జునకొండ బౌద్ధ కళ’ అనేది ప్రధాన భావన కాదు, శీర్షిక మాత్రమే. ‘జలాశయం ముంచబోయే లోయను ఆరేళ్లు తవ్వినందువల్ల విజయపురి నగరపు కట్టడాలు కొన్ని నీటి అడుగున కాక కొండ మీద మిగిలాయి’ అన్నది ప్రధాన భావన.

రూపకల్పన దశలో ముందు భావనా చిత్రాలు, తరువాత వివరణాత్మక రూపకల్పన, చివరకు తయారీకి పనికొచ్చే డ్రాయింగులు, పరిమాణాల పట్టిక వస్తాయి. ప్రతి మెట్టు దగ్గరా కార్యాలయం లిఖిత ఆమోదం ఇవ్వాలి. తయారీ మొదలయ్యాక ఫలకంలో మాట మార్చినా ఖర్చే. తయారీదారు తన వర్క్‌షాపు కోసం గీసే షాప్ డ్రాయింగులను ప్రదర్శన రూపకర్త సరిచూసిన తరువాతే పని మొదలు కావాలి.

అప్పగింత పద్ధతులు

పద్ధతులు రెండు. రూపకల్పన ఒకరికి, తయారీ మరొకరికి వేర్వేరు టెండర్ల ద్వారా ఇచ్చేది మొదటిది. డ్రాయింగులు కార్యాలయం సొత్తవుతాయి, తయారీలో పోటీ ఉంటుంది, కాని కాలం ఎక్కువ పడుతుంది. మొత్తం పనిని ఒకే సంస్థకు ఇచ్చే టర్న్‌కీ రెండోది. ఇందులో బాధ్యత ఒక్కరిదే, వేగమూ ఎక్కువే. అయితే సందర్శకునికి ఏది అవసరమో అది కాక, ఆ సంస్థ తన వర్క్‌షాపులో ఏది సులభమో అది గీసే ప్రమాదం ఇందులో ఉంది.

ఎంపికకు కేంద్రంలో సాధారణ ఆర్థిక నియమావళి 2017 ఆధారం. రూపకల్పన కన్సల్టెన్సీ సేవ కిందికి వస్తుంది. నియమం 192 నాణ్యత–వ్యయ ఆధారిత ఎంపికను (క్యూసీబీఎస్), నియమం 193 కనిష్ఠ వ్యయ పద్ధతిని, నియమం 194 నామినేషన్‌ను వివరిస్తాయి. నియమం 192 కింద ఆర్థికేతర అంశాల భారం 80 శాతం మించరాదు. పనులు, కన్సల్టెన్సీయేతర సేవలకు 2021 అక్టోబరు 29 నాటి వ్యయ విభాగం ఆదేశాలు షరతులతో క్యూసీబీఎస్‌ను అనుమతించాయి. అక్కడ నాణ్యత భారం గరిష్ఠంగా 30 శాతమే. నియమం 170 ప్రకారం బిడ్ సెక్యూరిటీ అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. 80, 30 అనే రెండు పరిమితులను తారుమారు చేయరాదు. అప్పగింత విధానమంతా ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఊహాత్మక లెక్క: ‘అ’ సంస్థకు సాంకేతిక మార్కులు 90, ధర 60 లక్షలు. ‘ఆ’ సంస్థకు 75 మార్కులు, ధర 45 లక్షలు. కనిష్ఠ ధరకు 100 ఆర్థిక మార్కులు కనుక ‘అ’కు 45ను 60తో భాగించి 100తో గుణిస్తే 75 వస్తాయి. నాణ్యతకు 70, ధరకు 30 భారమైతే ‘అ’ మొత్తం 63 + 22.5 = 85.5, ‘ఆ’ మొత్తం 52.5 + 30 = 82.5. పని ‘అ’కు దక్కుతుంది. భారాలను తిరగేసి నాణ్యతకు 30, ధరకు 70 ఇస్తే ‘అ’కు 27 + 52.5 = 79.5, ‘ఆ’కు 22.5 + 70 = 92.5. అవే సంస్థలు, అవే ధరలు, అవే మార్కులు. విజేత మాత్రం మారిపోయింది. కనుక రూపకల్పనను తయారీతో కలిపి పని కింద చూపితే నాణ్యత భారం 30కి పడిపోతుంది. రూపకల్పనను విడిగా కన్సల్టెన్సీగా పిలవడమే మేలని చెప్పడానికి ఇదే బలమైన కారణం.

నిదర్శనం: నాగార్జునకొండ

ఈ స్థలాన్ని 1926లో గుర్తించారు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునగడం అంతకు ముందే ఖాయం కావడంతో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృత తవ్వకాలు జరిగాయి. ఎంపిక చేసిన కట్టడాలను కొండ మీదికి తరలించి తిరిగి కట్టారు. విహారం ఆకృతిలో నిర్మించిన మ్యూజియం 1966లో ప్రారంభమైంది.

ఈ మ్యూజియంలో అత్యంత శక్తిమంతమైన వ్యాఖ్యాన సాధనం శిల్పం కాదు, మునిగిన లోయ నమూనా. కట్టడాలు ఎక్కడెక్కడ ఉండేవో అందులో చూసి బయటికి వచ్చిన మనిషికి ఎదురుగా కృష్ణ నీళ్లే కనిపిస్తాయి. ఒక్క మాట రాయకుండానే ప్రధాన భావన మనసుకు తగులుతుంది. ఇక్కడ చుట్టూ నీరే కనుక ఏ సామగ్రి అయినా నీటి మార్గాన చేరాలి. ఇటువంటి చోట ఫలకాల, పెట్టెల పరిమాణం గది గోడను బట్టి మాత్రమే కాక వాటిని మోసే పడవను బట్టి కూడా నిర్ణయించాలి. ఈ షరతును టెండరులోనే రాయాలి.

సాంకేతిక ప్రమాణాలు

కాంతికి సున్నితమైన తాళపత్రాలు, కలంకారీ వస్త్రాలు, కాగితం మీది చిత్రాలకు 50 లక్స్ మించరాదు. తైలవర్ణ చిత్రాలకు, కొయ్య వస్తువులకు 200 లక్స్ వరకు అనుమతిస్తారు. రాతికి, లోహానికి కాంతి వల్ల హాని తక్కువ. చక్రాల కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తు నేల నుంచి సుమారు 110 నుంచి 130 సెంటీమీటర్లు. రాత, వస్తువు ఆ చూపుకు అందాలి. ఈ అందుబాటుకు చట్టపరమైన ఆధారం దివ్యాంగుల హక్కుల చట్టం 2016. ఇది 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది, 21 వైకల్యాలను గుర్తించింది.

తెలుగు ఫలకాల తయారీ

టెండరు పత్రాల్లో తరచూ ఒక్క పంక్తితో సరిపెట్టే అంశం ఇది. ఇంగ్లిష్ రాత ఖరారయ్యాక చివరి వారంలో తెలుగులోకి మార్పించి అదే చోటులో ఇరికిస్తారు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక పంక్తుల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కొలతనే ఉంచితే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. ఇంకో చిక్కు డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. భారతీయ లిపుల అమరిక ఎంచుకోకపోతే ‘శ్రీపర్వతం’ అన్న మాటలో రకారపు ఒత్తు శకారం నుంచి విడిపోయి పక్కన పడుతుంది. తెలుగు రానివారు కంప్యూటర్ దగ్గర కూర్చుంటే ఆ తప్పు లోహపు ఫలకం మీదికి కూడా ఎక్కుతుంది. కనుక తెలుగు రాతను తెలుగులోనే మొదటి నుంచి రాయించడం, అసలు పరిమాణంలో కాగితం ప్రతి తీసి గోడకు అంటించి చదివి చూడడం, తెలుగు సంపాదకుని సంతకం లేనిదే ముద్రణకు పంపకపోవడం అనే మూడు షరతులు ఒప్పందంలో ఉండాలి.

మూల్యాంకనం, స్వాధీనం

మూల్యాంకనం మూడు విధాలు. ప్రణాళికకు ముందు సందర్శకుల పరిజ్ఞానాన్ని తెలుసుకొనేది ప్రాథమికం. చౌక అట్ట నమూనాలతో రూపకల్పన సమయంలో జరిపేది నిర్మాణాత్మకం. ప్రారంభమయ్యాక జరిపేది సమగ్రం. రెండోదానికి ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం.

స్వాధీన సమయంలో లోపాల జాబితా రాసి, అవి సరిదిద్దాకే తుది బిల్లు చెల్లిస్తారు. లోప బాధ్యతా కాలం, వార్షిక నిర్వహణ ఒప్పందం, విడి భాగాలతో పాటు ఫలకాల మూల ఫైళ్లను సవరించదగిన రూపంలో తీసుకోవాలి. ఉదాహరణకు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి నాగార్జునకొండ గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చింది. మూల ఫైలు చేతిలో ఉన్న కార్యాలయం జిల్లా పేరొక్కటి దిద్ది ఫలకం మళ్లీ తీయించుకోగలదు. లేని కార్యాలయం అదే ఫలకానికి కొత్తగా టెండరు పిలవాలి.