కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందా? ఫార్మాట్ చేసేముందు ఇది చదవండి

డెస్క్‌టాప్ తరచూ ఆగిపోతోందనగానే చాలామంది ఇచ్చే సలహా ఒకటే: "ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేసెయ్". నన్నడిగితే అది చివరాఖరున చేయాల్సిన పని. లోపం హార్డ్‌వేర్‌లో ఉంటే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా పోదు. పోయేవి పిల్లల ఫొటోలు, ట్యాక్స్ కాగితాలు. అందుకే అసలు కారణాన్ని ఎలా పట్టుకోవాలో ఈసారి చూద్దాం.

ముందుగా, మెషీన్ నడిచే ఆ కాసేపట్లోనే ముఖ్యమైన ఫైళ్ళన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కూడా రాసిపెట్టుకోండి. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళేటప్పుడు అడగవచ్చు.

తరువాత, సిస్టం ప్రాపర్టీస్‌లోని 'స్టార్టప్ అండ్ రికవరీ'లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్కు తీసేయండి. అప్పుడు ఎర్రర్ తెర మాయం కాకుండా నిలుస్తుంది. అందులోని స్టాప్ కోడ్ రాసుకోండి. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' కనిపిస్తే కంగారుపడి కొత్త పవర్ సప్లై కొనకండి. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం, కారణం చెప్పదు.

ఇక లక్షణాలను బట్టి వెతుకుదాం.

1. ఏ మెసేజీ లేకుండా టక్కున ఆరిపోతే: వేడి గానీ, పవర్ సప్లై గానీ కావచ్చు. నా మిత్రుడి మెషీన్ గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకల్లా ఆరిపోయేది. షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారట. నేను చూస్తే ప్రాసెసర్ 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతోంది. హీట్ సింక్ నిండా దుమ్ము, కార్పెట్ నూగు! దులిపి, కొత్త థర్మల్ పేస్ట్ రాస్తే సరిపోయింది. దుమ్ము ఊదేటప్పుడు ప్లగ్ తీసేసి, ఫ్యాన్ తిరగకుండా పట్టుకోండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

2. ప్రతిసారీ వేరే స్టాప్ కోడ్ వస్తుంటే: ముందు ర్యామ్‌ను అనుమానించండి. మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. తప్పులు చూపిస్తే ఒక్కొక్క ర్యామ్ స్టిక్కే పెట్టి మళ్ళీ పరీక్షించండి.

3. ఫైళ్ళు తెరిచినప్పుడు బిగుసుకుపోతుంటే: డ్రైవ్ స్మార్ట్ రిపోర్టు చూడండి. 'కాషన్' లేదా 'బ్యాడ్' అని ఉంటే మరమ్మతులు వద్దు, డ్రైవ్ మార్చేయండి.

4. ఏదైనా అప్‌డేట్ తరువాత మొదలైతే: సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్ళండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అప్‌డేట్ ఒక్కటే సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లను కూల్చింది. వాటి హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు.

ఒక్క నియమం మరవకండి: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ర్యామ్, డ్రైవర్, ఫ్యాన్ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగయిందో తెలియదు, మళ్ళీ వస్తే కథ మొదటికే. చేసినవన్నీ తేదీలతో కాగితం మీద రాసుకోండి. చివరికి షాపుకే వెళ్ళాల్సివచ్చినా, ఆ కాగితం చేతిలో ఉంటే అక్కర్లేని మదర్‌బోర్డు మీకెవరూ అంటగట్టలేరు.