కటకము వైపు చూపు

వక్తృత్వము నేర్వగోరు విద్యార్థికి అద్దము ముందు నిలిచి మాటలాడుమని సలహా చెప్పుట మన బడులలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆ సలహాలో మేలు లేకపోలేదు గాని, అద్దమునందు మనము చూచుకొనునది మనకు నచ్చిన మనలనే. ఒక మాట తడబడినచో అద్దము దానిని మరునాటికి దాచియుంచదు, సరికదా ఆ తడబాటును మరచుటలో మనకు తోడ్పడును కూడ. ఈనాడు ఆ స్థానమును జేబులో పట్టునంతటి డిజిటల్ కెమేరా ఆక్రమించుకొనుచున్నది. దినదినము ఒక చిన్న వీడియో తీసి నలుగురి ముందు పెట్టు వ్యాసంగము, కంటెంట్ క్రియేషన్ అని యువతరము పిలుచుకొనునట్టిది, పల్లెపట్టులకు సైతము ప్రాకినది. దానిని వేలంవెర్రి యని త్రోసిపుచ్చు పెద్దలతో నేను ఏకీభవింపజాలను. తగిన తీరున సాగించినచో అది నిగ్రహమునకును, వాక్ శుద్ధికిని, అన్నిటికంటె మిన్నగా ఎదుటివానియెడ శ్రద్ధకును మంచి సాధన కాగలదు. అయితే ఆ తగిన తీరేదో కెమేరా పెట్టెతో వచ్చు పుస్తకములో వ్రాసియుండదు.

మచిలీపట్నమున మా వీధిలోనే యుండు డిగ్రీ విద్యార్థి యొకడు, ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్నవాడే, కొనుటకు ముందు పరీక్షించి చూడదలచి సోనీ వారి జెడ్‌వీ-1ఎఫ్ అను కెమేరాను స్నేహితుని వద్ద ఎరవు తెచ్చుకొనగా, దానిని చేతబట్టి చూచు అవకాశము నాకును కలిగినది. 2022 లో వెలువడిన ఈ యంత్రము బ్యాటరీతో, కార్డుతో కూడ 256 గ్రాములు మాత్రమే తూగును. ఒక అంగుళపు తరగతికి చెందిన సెన్సరు, ఎఫ్/2 వరకు తెరచుకొను లెన్సు, పైభాగమున మైకు, గాలిరొద సోకకుండ ఆ మైకునకు తొడుగు బొచ్చుటోపీ, ఇవి దాని ముఖ్యాంగములు. వెలువడిననాడు దీని వెల అర్ధలక్ష రూపాయల ప్రాంతమున నుండెను. ఈ జాతి కెమేరాలలో ఇది చవుకయే యని తెలిసినవారు చెప్పుదురు. మధ్యతరగతి తండ్రి చెవికి మాత్రము ఆ మాట చవుకగా వినబడదు.

అసలు సామాన్యునికి అందుబాటులోనుండు కెమేరా యను ఊహకు నూరేండ్లకు మించిన వయస్సున్నది. 1900 లో కొడాక్ సంస్థ బ్రౌనీ అను అట్టపెట్టె కెమేరాను ఒక్క డాలరుకు అమ్మి, ఛాయాగ్రహణమును శ్రీమంతుల దివాణముల నుండి పిల్లల చేతులలోనికి దించినది. ఆ సంస్థలోనే 1975 లో స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు నిర్మించిన తొలి డిజిటల్ కెమేరా, పదివేల చుక్కలతో కూడిన ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీద వ్రాయుటకు 23 సెకనులు తీసికొనెడిది. 2010 ప్రాంతమున ఏటికి పండ్రెండు కోట్లవరకు అమ్ముడైన డిజిటల్ కెమేరాలు, ఫోనులో కెమేరా చేరిన పిమ్మట క్షీణించి, 2023 నాటికి ఎనుబది లక్షలకైనను చేరలేదు. మరి ప్రతివాని జేబులోను ఫోనుండగా వేరొక కెమేరా ఏల? బొమ్మ నాణ్యము కొరకని యందురు గాని, పట్టపగటి వెలుతురున రెంటికిని గల భేదము సామాన్యుని కంటికి ఆననంత స్వల్పము. నేను చూచినంతలో అసలు ప్రయోజనము మరియొకటి: ఈ కెమేరాకు ఎవరును ఫోను చేయరు. దానిని చేతికి తీసికొన్నవాడు ఒక పనికై తీసికొన్నవాడు. ఆ పని ముగియువరకు వానిని పిలుచు గంట గాని, ప్రక్కకు లాగు వార్త గాని అందులో లేదు. ఏకాగ్రతను గూర్చి ఉపన్యాసములు వినుటకంటె, ఒకే పని చేయు పనిముట్టును అరగంట చేతబట్టుట మేలని తోచుచున్నది.

ఇక దీని తెర ప్రక్కకు తెరచుకొని, త్రిప్పినచో మాటలాడువాని వైపునకే తిరుగును. తన్ను తాను చూచుకొనుచు మాటలాడు సౌకర్యము కలదన్నమాట. చిక్కు కూడ అందే కలదు. మన విద్యార్థి తొలుత తీసిన వీడియోలలో అతని చూపు, వినువాని మీద నిలువక, రెండుమూడు అంగుళములు ప్రక్కకు, మనకు కానరాని యెవరితోనో ముచ్చటించుచున్నట్లుండెను. అతడు చూచుచుండినది తెరలోని తన బొమ్మను. జుట్టు చెదరినదా, కాలరు సరిగా నున్నదా, నవ్వు ఎబ్బెట్టుగా నున్నదా యను విచారములో కన్నులు మునిగియుండగా నోరు మాత్రము యథాలాపముగా పాఠము వల్లించుచుండెను. ఉద్యోగపు ఇంటర్వ్యూలో, సభావేదికమీద, పెండ్లిచూపులలో, చివరకు ఇరుగుపొరుగువారి పలుకరింపులో సైతము మనలో పెక్కుమంది చేయునది ఇదియే గదా! ఎదుటివాని ముఖమును చూచుచున్నట్లే యుండి, ఆ ముఖమున మనము ఎట్లు కనబడుచున్నామో వెదకికొనుచుందుము. బిడియమని మనము పేరుపెట్టి సానుభూతి చూపుదానిలో సగమునకు పైగా ఈ స్వరూపచింతనమే యని నా నమ్మకము. బిడియస్తుడు వినయవంతుడని లోకము భావించును. తన్ను గూర్చి తాను ఎడతెగక తలపోయువాని వినయమును కొంత శంకింపవలసియే యుండును.

విరుగుడు ఆ విద్యార్థి తల్లి చేతినుండి వచ్చినది. ఆమె బొట్టుబిళ్ల నొకదానిని లెన్సు ప్రక్కన అంటించి, "ఇదిగో, ఇటు చూసి మాట్లాడరా, నాతో చెప్తున్నట్టు చెప్పు" అనెను. అతడు తెరను మూసివైచి, ఆ ఎఱ్ఱని చుక్కవైపు చూచుచు మాటలాడెను. ఎవరితో మాటలాడుచున్నామో యెరిగినంతనే వాక్యములు పొట్టివైనవి, కంఠము దిగినది, చేతులు తమంత తామే కదలినవి.

కంఠము మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. రికార్డయిన తన గొంతు విన్న ప్రతివాడును ఇది నాది కాదని ఉలికిపడును. మాటలాడునపుడు మన స్వరము గాలిద్వారమున మాత్రమే గాక పుఱ్ఱె యెముకల ద్వారమున కూడ మన చెవిని చేరి, ఉన్నదానికంటె గంభీరముగా వినబడును. యంత్రము గాలిలో వచ్చినదానినే పట్టును. ముఖము సంగతియు నట్టిదే: మనమెరిగిన మన ముఖము అద్దములో కుడియెడమలు తారుమారైనది. కావున తొలినాటి వెగటును లోపముగా నెంచి మానుకొనువారు తొందరపడుచున్నారని తెలియవలెను. కొలది దినములు విన్నచో చెవి అలవాటుపడి, అటుపిమ్మట దిద్దుకొనదగినవి వినవచ్చును: వాక్యమునకొక "అంటే", తోచనపుడెల్ల ఒక "సో", చివరి అక్షరము మ్రింగివేయుట, ఊపిరి చాలక మాటను పరుగెత్తించుట.

ఒక ఆదివారము ఆ విద్యార్థియు నేనును పెడనకు పోతిమి. కలంకారీ అద్దకమునకు పేరుపడిన ఆ ఊరు మాకు సమీపమే. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెట్టిన గుడ్డ, గోనె, దుప్పటి పరచిన బల్లమీద పచ్చగా పరచియున్నది. అద్దకపు పనివాడు, వయస్సు మీరినవాడు, టేకు అచ్చును రంగుపళ్లెములో రెండుమారులు అద్ది, వెనుకటి అచ్చు మూలను కంటితోనే కొలిచి ఆనించి, పిడికిలితో దానిపై ఒక్క పోటు పొడిచి యెత్తుచుండెను. ఇనుపముక్కలు బెల్లపునీట ఊరవేసి తీసిన ఆ నలుపు గుడ్డమీద చూచుచుండగనే చిక్కబడుచుండెను. మనవాడు బల్లకు వీపు పెట్టి నిలిచి, కెమేరాను చేయిచాచి పట్టుకొని, "హాయ్ ఫ్రెండ్స్" అని ఆరంభించెను. పనివాడు చేయి ఆపి, "అబ్బాయ్, కాస్త పక్కకి జరుగు. నువ్వే అడ్డముంటే అచ్చెట్టా కనపడుద్ది?" అనెను. "సరే బాబాయ్" అని వీడు జరిగెను. "నా మొహం కూడా వద్దులే, చేతులు తియ్యి" అని వృద్ధుడు మరల పనిలో మునిగెను.

ఈ కెమేరా లెన్సునకు దూరపువస్తువును దగ్గరకు లాగు శక్తి లేదు. 20 మిల్లీమీటర్ల విశాలదృష్టి ఒక్కటే. చేయిచాచినచో ముఖమును, దాని వెనుకటి గది సగమును కూడ పట్టును గాని, రెండుబారల దూరమునగల చేయి అందులో గోరంతయై పోవును. కనుక చూపదలచినదాని చెంతకు మనమే నడచిపోవలెను. దగ్గరకు పోవలెనన్న అడుగవలెను, పేరు తెలిసికొనవలెను, పనికి అడ్డురాని చోటు వెదకికొనవలెను. సికిందరాబాదున స్టూడియో నడపిన రాజా దీన్‌దయాళ్, 1892 లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా ఒక స్టూడియో నేర్పరచి, దాని నిర్వహణమును ఒక స్త్రీకే అప్పగించినాడు. బొమ్మ తీయబడువారి మనస్సు కుదుటపడనిదే బొమ్మ కుదరదని ఆ కాలమువారును ఎరుగుదురు. దూరమునుండి జూమ్ చేసి దొంగచాటుగా తీయు అలవాటునకు ఈ లెన్సు అవకాశ మీయదు. వెల తగ్గించుటకై మానిన సౌకర్యమే నడవడికి మేలు చేసినదనుట అతిశయోక్తి కాదు.

ఇందు చేతివణకును లెన్సులోనే అణచు ఏర్పాటు లేదు. యంత్రము లెక్కగట్టి దిద్దు పద్ధతి యున్నను దానివలన దృశ్యపు అంచులు కొంత తెగిపోవును. ఫోకసును సైతము ఇది వెలుగునీడల భేదమును బట్టి వెదకికొనును గాన, క్షణక్షణము కదలువానికి ఇది ఓపదు. అందుచేత మనవానికి మోచేతులను ప్రక్కటెముకలకు ఆనించి, ఊపిరి మెల్లగా విడచుచు, నిలిచినచోటనే నిలువవలసివచ్చెను. ఇంకొక మీట కలదు: దానిని నొక్కి ఏదేని వస్తువును లెన్సు ముందు పెట్టినచో, కెమేరా మాటలాడువాని ముఖమును విడచి ఆ వస్తువునే స్ఫుటముగా చూపును. సామాను అమ్ముకొనువారికై కల్పించిన ఏర్పాటది. పిమ్మట మనవాడు ఆ మీట నొక్కి, అరిగిపోయిన పాత అచ్చు నొకదానిని కెమేరా ముందుంచి, తాను మసకలో నుండి దాని కథ చెప్పెను. ఆ ముక్కయే అతని పనిలో నాకు మిక్కిలి నచ్చినది.

ఇంటికి వచ్చి కత్తిరించుట, ఎడిటింగ్ అనునది, వేరొక తపస్సు. తీసినదానిలో తనకు ప్రియమైన వాక్యములను తానే కోసివేయవలెను. నిమిషము మించరాదని నియమము పెట్టుకొన్నవానికి ప్రతి వాక్యమును ఎవరికొరకు ఉన్నదో చెప్పుకొని నిలువవలసియుండును. చూచినవారెందరు, మెచ్చినవారెందరు అను లెక్కను గూర్చి నేను ఎక్కువ చెప్పను. ఆ అంకెను గంటగంటకు చూచుకొనువాడు మూసిన తెరను మరల తెరచుకొన్నవాడే.

కొనుమని గాని మానుమని గాని నేను చెప్పబోను. ముందుగా కొన్ని వారములు తన ఫోనుతోనే ప్రతిదినము తీసి, ఆ అలవాటు నిలిచినదని రూఢియైన పిమ్మట, ఎరవు దొరకినచో ఎరవు, లేనిచో పట్టణములందు దినపు అద్దెకిచ్చు దుకాణములలో అద్దెకు తెచ్చుకొని చూచి, అటుపై వెల సంగతి ఆలోచించుట గృహస్థధర్మమునకు అనుకూలము. అలవాటు లేనివాని చేతిలో అర్ధలక్ష కెమేరా బీరువాలో నిద్రించును.

పెడన వీడియోను మనవాడు ఆ పనివానికి చూపగా, అతడు రెండుమారులు చూచి, "నలుపు బానే వచ్చింది. మరి ఎరుపేది?" అనెను. పటిక పట్టించిన అచ్చులు గుడ్డమీద పడినవే గాని, వాటి ఎరుపు అచ్చువేసిన నాడు పుట్టదు; గుడ్డను పారునీట జాడించి, రంగునీటిలో ఉడికించినపుడే అది పైకి వచ్చును. "ఉడుకేసే రోజు రా, అప్పుడు తీద్దువు గాని" అని వృద్ధుడు చెప్పెను. ఆ దినము ఎండను బట్టి, కాలువ నీటిని బట్టి నిర్ణయమగును. ఆవిరికి లెన్సు మసకబారునని మెత్తని గుడ్డ యొకటి, చిన్నబ్యాటరీ చాలదని పవర్ బ్యాంకు ఒకటి సంచిలో సర్దుకొని మనవాడు కబురు కొరకు కాచుకొనియున్నాడు. కెమేరా సొంతదారుడు మాత్రము అప్పుడే దానిని తిరిగి యిమ్మని ఫోనులు చేయుచున్నాడు.