జరం వచ్చిన ఇంట్లో

చిరంజీవి బిడ్డకు,


తాండూరు అవతల పల్లె దవాఖానలో ఏఎన్ఎంగా చేరావని మీ అమ్మ చెప్పింది. పగలంతా టీకాలు, రిజిస్టర్లతోనే సరిపోతోందట. రాత్రయితే “సిస్టరమ్మా, పిల్లగానికి జరమొచ్చింది, ఏం జేయాలె?” అని ఫోన్లు వస్తున్నాయట, ఏం చెప్పాలో తోచక భయపడుతున్నావట. భయపడటం మంచిదే. ఆ మాత్రం భయం లేని సిస్టరు చేతికి పిల్లనివ్వాలంటే నాకు భయం. ట్రైనింగులో ఇచ్చిన చార్టు నీ దగ్గర ఎలాగూ ఉంటుంది. అందులో ఉన్నది ఇంటి గడప దాటి లోపలికి ఎట్లా పోవాలో, అది రాస్తున్నా.

తల్లి దృష్టంతా థర్మామీటరు మీదే ఉంటుంది. 102 అనగానే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. ఒంట్లో క్రిమి చేరితే దాంతో తలపడటానికే ఒళ్లు వేడెక్కుతుంది. 103 ఉన్నా, మందు పడ్డాక లేచి అన్నం అడిగి, అన్నతో గిల్లికజ్జాలు పెట్టుకునే పిల్లగాని గురించి నాకు బెంగ లేదు. ఒళ్లు పెద్దగా కాలకపోయినా కళ్లు తెరవకుండా, రొమ్ము పట్టకుండా, పిలిస్తే పలకకుండా డీలాపడి ఉన్న పిల్లను చూస్తే మాత్రం నా కాళ్లు నిలవవు. అందుకని ఫోన్ ఎత్తగానే “ఎంత ఉంది?” అని అడగకు. తాగుతున్నాడా, తాగిందంతా కక్కుతున్నాడా, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఒంటికి పోశాడు, నిన్ను గుర్తుపడుతున్నాడా, ఊపిరి ఎట్లా తీస్తున్నాడు అని అడుగు. జవాబులు వింటుంటేనే నీకు సగం తెలిసిపోతుంది. మూడు నెలలు నిండని పసికందు అయితే ఈ ప్రశ్నలేవీ వద్దు. 100.4 దాటిందంటే, లేదా ముట్టుకుంటే ఒళ్లు చల్లగా తగిలిందంటే, అర్ధరాత్రయినా దవాఖానకే. అంత పసిబిడ్డకు ఇంట్లో సిరప్ పోసి తెల్లారేదాకా చూద్దామనే మాటే లేదు.

ఇగ సిరప్ సంగతి. పారాసిటమాల్ పేరు ఒకటే గాని సీసాలు మూడు రకాలు. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఒక రకానికి 5 మిల్లీలీటర్లకు 125, ఇంకో రకానికి 250. డోసు పిల్ల బరువును బట్టి పోవాలి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకు 250 రకం మూడు మిల్లీలీటర్లు పోస్తే 150 మిల్లీగ్రాములు, అది చాలు. అదే పిల్లకు ఇంట్లో ఉన్న చుక్కల మందును “చెంచాడే కదా” అని 5 మిల్లీలీటర్లు పోశారనుకో, 500 మిల్లీగ్రాములు పోయినట్టే. ఇట్లా రెండు రోజులు సాగితే లివర్ మీద పడుతుంది. కాబట్టి తల్లిని సీసా చేతిలో పట్టుకుని దాని మీద రాసి ఉన్నది చదవమను. చదువు రాకపోతే సీసా ఫోటో పంపమను. బరువు తెలియదంటే అంగన్‌వాడీలో తూచి రాసిన కార్డు చూడమను. సీసాతో వచ్చిన మూతతోనే కొలవాలి, వంటింటి చెంచాతో కాదు. డోసుకు డోసుకు మధ్య ఆరు గంటలు ఉంచితే మంచిది, రోజుకు నాలుగు సార్లు మించొద్దు. ఆస్పిరిన్ మాత్రం పిల్లల దగ్గరికే రానీయకు.

వికారాబాద్ వైపు చలి ఎట్లా ఉంటుందో నీకు చెప్పాలా. డిసెంబరులో జరం పిల్లను రెండు రగ్గుల్లో చుట్టి, తలకు మఫ్లరు కట్టి, తలుపులు బిగిస్తారు. చెమట పడితే జరం దిగుతుందని నమ్మకం. వేడి బయటికి పోయే దారి మూసేస్తే జరం ఇంకా ఎక్కుతుంది. పల్చటి నూలు అంగీ వేసి, కాస్త గాలి ఆడనిస్తే చాలు. తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్లతో తుడవాలి. ఐసు నీళ్లు వద్దు, పిల్ల వణికితే వేడి పెరుగుతుంది. కర్పూరం మూటగట్టి మెడకు వేలాడదీయడం, నూనెలో కరిగించి ఛాతీకి రుద్దడం మన దగ్గర ఇంకా పోలేదు. అది నోట్లోకి పోతే ఫిట్స్ తెప్పించగల విషం. ఇది మెత్తగా చెప్పే విషయం కాదు, గట్టిగానే చెప్పు. ఏడాది నిండని పిల్లకు తేనె నాకించొద్దని కూడా అప్పుడే చెప్పెయ్. అమ్మవారు పోసినప్పుడు వేపాకు పరుపు వేస్తే మాత్రం మనకేం అభ్యంతరం లేదు, పిల్లను దవాఖానకు తేకుండా గదిలో దాస్తేనే తంటా.

అన్నిటికంటే నువ్వు బాగా నేర్చుకోవాల్సింది ఊపిరి లెక్క. నువ్వున్న చోట నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు. ఆ దుమ్ములోనే పుట్టి పెరిగే పిల్లలకు దగ్గు కొత్త కాదు, అందుకే నిమోనియా మొదలైనా “ఎప్పుడూ ఉండేదే” అనుకుంటారు. బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచు. అంగీ పైకి ఎత్తు. ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా ఆగు, ఊరుకోనీ. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నిండు నిమిషం కడుపు లేచి పడటం లెక్కపెట్టు. అర నిమిషం చూసి రెండింతలు చేయకు, పసిపిల్లల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. ఆ అంకెను ముట్టినా దాటినా మందు పడాల్సిందే. తర్వాత పక్కటెముకల కింద చూడు. ఊపిరి పీల్చినప్పుడు అక్కడ లోపలికి గుంట పడుతోందా? డొక్కలు ఎగరేస్తోందా? మూలుగుతోందా, పెదాలు నీలంగా ఉన్నాయా? ఇవి కనిపిస్తే లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు, బండి పిలువు.

దగ్గు సిరప్ అడుగుతారు, మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఏమైందో చదివే ఉంటావు. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు చెడి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడొద్దని, అయిదేళ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా అక్కర్లేదని ఆ అక్టోబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. జలుబు దగ్గు దానంతట అదే పోతుంది, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి పాలు ఎక్కువసార్లు పట్టిస్తే చాలు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకుండా బరువు కూడా పెరగకపోతే, లేదా ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి ఉంటే, పరీక్షకు పంపు. అనంతగిరి గుట్ట మీద నిజాం కాలం నుంచి టీబీ దవాఖాన పెట్టుకున్న జిల్లా మనది, టీబీ పేరెత్తడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

విరేచనాలకు ఓఆర్ఎస్ అని ఊరందరికీ తెలుసు. కలపడమే తెలియదు. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లకు. మన ఇళ్లల్లో ఏం చేస్తారంటే, చిటికెడు చిటికెడు తీసి గ్లాసులో వేస్తారు, లేదా ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కుమ్మరిస్తారు. మొదటి దానితో లాభం లేదు. రెండో దాంతో ఉప్పెక్కువై పిల్ల ఇంకా ఎండిపోతుంది. లీటరు నీళ్ల సీసా ఖాళీది ప్రతి ఇంట్లో ఉంటుంది, దానితో కొలవమను. కాచి చల్లార్చిన నీళ్లయితే ఇంకా మంచిది. కలిపింది ఒక పగలూ రాత్రీ దాటితే పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లకు విరేచనమైన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు దాకా, చెంచాతో కొద్దికొద్దిగా. కక్కితే “పడట్లేదు” అని ఆపేస్తారు. పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా మెల్లగా పట్టమను. రొమ్ము పాలు ఆపొద్దు, గంజి, ఉప్పు వేసిన మజ్జిగ పట్టొచ్చు, అన్నం మాన్పించొద్దు. జింకు గోలీ ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, అంతకు లోపైతే సగం, 14 రోజులు. మూడో రోజుకే విరేచనాలు ఆగిపోతాయి, గోలీలు డబ్బాలో మిగిలిపోతాయి. ఆ ఇంటికి ఇంకోసారి పోయి రా.

షాపులో రంగురంగుల డబ్బాల్లో అమ్మే తియ్యటి నీళ్లు ఓఆర్ఎస్ కాదు. అసలు దాంట్లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, దానికి తగ్గ ఉప్పు ఉంటాయి. తియ్యటి డబ్బాల్లో అంతకు ఎన్నో రెట్లు చక్కెర, అది పేగుల్లోకి ఇంకా నీళ్లు లాగుతుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా కొట్లాడారు. చివరికి 2025 అక్టోబరులో, అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదలతో జరిగిన పని అది. నీ సబ్‌సెంటర్‌లో ప్యాకెట్లు ఉచితంగానే ఉంటాయి, ముందే ఇంటింటికీ రెండేసి పంచి పెట్టు. కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే నీళ్లు రాకున్నా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకున్నా, మలంలో రక్తం కనిపించినా అది ఇంటి వైద్యం దాటిన సంగతి.

జరంలో ఫిట్స్ వస్తే ఇల్లంతా అరుపులే. చేతిలో తాళంచెవి పెడతారు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. నోట్లో ఏదీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో జరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి. అయిదు నిమిషాలు దాటితే 108 అంబులెన్సును పిలవాలి. ఆగినా సరే, మొదటిసారి వచ్చిన పిల్లను ఆ రోజే డాక్టరు చూడాలి.

వానాకాలం పోయే నెలల్లో డెంగీ గుర్తు పెట్టుకో. పాత గని గుంతల్లో, డ్రమ్ముల్లో నీళ్లు నిలిచే ఊళ్లు నీవి. డెంగీలో గండం జరం దిగేటప్పుడు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో వస్తుంది. ఒళ్లు చల్లబడగానే ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, నువ్వు మాత్రం ఆ తర్వాత రెండు రోజులు రోజూ పోయి చూడు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లటి చేతులు కాళ్లు, మత్తు, వీటిలో ఒక్కటి కనిపించినా పంపెయ్. జరం తగ్గాలని బ్రూఫెన్ ఇచ్చినా, డైక్లో సూది వేయించినా రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

సూది అంటే ఆర్ఎంపీ గుర్తొచ్చాడు కదూ. అతనితో గొడవ పెట్టుకోకు. రాత్రి రెండింటికి తలుపు తడితే లేచేది అతనొక్కడే, ఊరికి అతని మీద గురి ఉంటుంది. మంచిగా కూర్చోబెట్టి రెండే మాటలు చెప్పు. ప్రతి జరానికీ యాంటీబయాటిక్ వద్దు. జరం దిగిందని చూపించడానికి స్టెరాయిడ్ సూది అసలే వద్దు, దానితో పిల్ల ఒకపూట హుషారుగా కనిపిస్తుంది, లోపల జబ్బు ముదురుతుంది. డొక్కలు ఎగరేసే పిల్ల తన దగ్గరికి వస్తే నీకు ఫోన్ చేయమను. చేస్తాడు. చాలామంది మంచివాళ్లే.

ఇంకొక సంగతి. మనవాళ్లకు పిల్ల సీరియస్ అనగానే నీలోఫర్ గుర్తొస్తుంది. 1953 నుంచి తెలంగాణ పల్లెలన్నిటికీ అదే పెద్ద దిక్కు, కాదనను. కాని తాండూరు నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే, ఆ రోడ్డంతా బండల లారీలు. ఊపిరి అందని పిల్లను ఆటోలో వేసుకుని ఏకంగా పట్నం పోతామంటే ఒప్పుకోకు. ముందు తాండూరు జిల్లా ఆసుపత్రి, లేదా దగ్గరైతే వికారాబాద్. అక్కడ ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, అవసరమైతే వాళ్లే అంబులెన్సులో పంపుతారు. పోయేటప్పుడు టీకాల కార్డు, ఇచ్చిన మందు సీసాలు సంచిలో పెట్టించు. దారిలో తాగగలిగితే ఓఆర్ఎస్, పాలు పడుతూనే ఉండాలి, పిల్లను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకోవాలి.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చెప్తా విను. తల్లికి తెలుసు, పిల్ల బాగా లేదని. బయల్దేరాలంటే అత్త సరేననాలి, మొగుడు పనిలోంచి రావాలి, చేతిలో పైసలుండాలి. 108కు పైసా అక్కర్లేదని తెలిసినా పిలవరు. కంది కోతల రోజుల్లో తల్లి తెల్లారకముందే చేనుకు పోతుంది, పిల్ల సాయంత్రం దాకా నాయనమ్మ దగ్గరే. నువ్వు కష్టపడి తల్లికి నేర్పిందంతా ఆ పూట చేనులో ఉంటుంది. కాబట్టి వచ్చే నెల మీటింగుకు కబురు పెట్టేటప్పుడు నాయనమ్మలను, అమ్మమ్మలను ముందు పిలువు. ముందు వరసలో కూర్చోబెట్టు. ఓఆర్ఎస్ వాళ్ల చేతులతోనే కలిపించు. ఊపిరి లెక్క రాని ముసలమ్మకు డొక్క లోపలికి పోయే చోటు ఒక్కసారి వేలుపెట్టి చూపించు, చాలు. ఆ తర్వాత నీకంటే ముందు ఆమే పట్టేస్తుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ, వికారాబాద్